గ్యాలరీ వదిలేయాలా? నాయనకు ఏమని చెప్పాలి?

ఈ వారం ఉత్తరం జర్మనీ నుంచి వచ్చింది. రాసిన అబ్బాయిది దేవరకొండ దాటాక ఒక పల్లె. పేరు, ఊరు వేయొద్దన్నాడు. ఉత్తరం చాలా పొడవుగా ఉంది కాబట్టి ముఖ్యమైనంత వరకు నా మాటల్లో చెబుతాను.

వయసు ఇరవై నాలుగు. హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ చదివి, ఎమ్మెస్ కోసం డోర్ట్‌మండ్ వెళ్ళాడు. వీసాకు బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే అక్కడి ఖర్చులకు ముందే జమచేసి ఉంచే ఖాతాలో, చూపించాల్సిన డబ్బు కోసం నాయన బత్తాయి తోట కాయితాలు బ్యాంకులో పెట్టాడు. చాలనిది నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చాడు. అక్క తన బంగారం ఇచ్చింది. మొదటి చలికాలంలో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడేది. క్లాసులో పాఠం ఇంగ్లిష్‌లో, క్లాసు దాటగానే అందరూ జర్మన్‌లో. రూమ్‌లో మరో ముగ్గురు తెలుగు అబ్బాయిలు ఉన్నా ఎవరి షిఫ్టులు వాళ్ళవి. "వారం మొత్తం మీద నన్ను పేరు పెట్టి పిలిచేటోళ్ళు ఉండకపోయేది" అని రాశాడు.

అప్పుడు ల్యాబ్‌లో పక్కన పనిచేసే జర్మన్ కుర్రాడు, వాళ్ళ నాన్న సీజన్ కార్డు (సీజన్ మొత్తానికి ఒకేసారి కొనే టికెట్) ఒకరోజు ఖాళీగా ఉందని, ఆ ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు బొరుస్సియా డోర్ట్‌మండ్ మ్యాచ్‌కు పిలిచాడు. అది దక్షిణ గ్యాలరీ, అక్కడివాళ్ళు పసుపు గోడ అని పిలుచుకునే చోటు. "గోల్ పడంగనే ముందు వరుసల ఉన్న ముసలాయన వెనక్కి తిరిగి నన్ను గట్టిగ పట్టుకున్నడు. ఈ దేశం వచ్చినంక నన్ను దగ్గరికి తీసుకున్న మొదటి మనిషి ఆయనే" అన్న వాక్యం దగ్గర నేను కాసేపు ఆగాను.

ఆ తర్వాత మ్యాచ్‌లు ఒకటొకటిగా పెరిగాయి. పాటలు నేర్చుకుంటూ జర్మన్ నేర్చుకున్నాడు. బయటి ఊళ్ళ మ్యాచ్‌లకు బస్సుల్లో వెళ్ళడం మొదలైంది. గిడ్డంగిలో శనివారం షిఫ్టులు వదులుకున్నాడు. ఒక సబ్జెక్టు రెండుసార్లు తప్పాడు. ఈమధ్య ఒక బయటి మ్యాచ్‌లో గ్యాలరీలో ఎర్రటి మంటల కాగడాలు వెలిగించారు. ఇతను ఫోన్‌లో వీడియో తీశాడు. అక్కడి అల్ట్రాస్, అంటే జట్టు వీరాభిమానుల గుంపులో ఒకరు వచ్చి, చేయి పట్టుకుని అక్కడికక్కడే డిలీట్ చేయించారు. కానీ అప్పటికే అది చిన్నాన్న కొడుకుకు వెళ్ళిపోయింది. తమ్ముడు దాన్ని వాట్సాప్ స్టేటస్ పెట్టాడు. ఊళ్ళో "వాళ్ళ పిలగాడు జర్మనీల రౌడీలతోని తిరుగుతున్నడట" అని పాకింది. నాయన ఒక్కసారి ఫోన్ చేసి, "మంటల్ల నీకేం పని బిడ్డా? తోట కుదువ పెట్టి పంపింది దీనికేనా?" అన్నాడు. అప్పటి నుంచి మాట్లాడటం లేదు. అమ్మ చేస్తుంది, ఏడుస్తుంది, పెట్టేస్తుంది.

రూమ్‌మేట్స్ మాట వేరు. "మనది క్రికెట్ రా, తెల్లోళ్ళ పిచ్చి మనకెందుకు" అంటున్నారట. ఇంకోవైపు గ్యాలరీలో పరిచయమైన ఒక చిన్న గుంపు, జెండాలు కుట్టడానికి, బ్యానర్లు రాయడానికి రమ్మని, తమలో చేరమని అడుగుతోంది. తప్పిన సబ్జెక్టుకు ఆఖరి అవకాశం వచ్చే నెల గురువారం. ముందు రోజు బుధవారం రాత్రి వేరే దేశంలో యూరప్ కప్ మ్యాచ్. బస్సు సీటుకు డబ్బు కట్టేశాడు. "నేను తప్పు చేస్తున్ననా? అంతా వదిలేయాల్నా? నాయనకు ఏమని చెప్పాలె?" ఇవీ ప్రశ్నలు. చివర్లో రైలులో జరిగిన ఒక సంగతి కూడా రాశాడు. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

తమ్ముడూ,

ఆ గ్యాలరీలో నీకు కలిగిన ఆనందం తప్పు కాదు. ఇది నిన్ను ఓదార్చడానికి అంటున్న మాట కాదు. ఒంటరితనంలో ఉన్న మనిషికి మనుషులు దొరికారు. దాన్ని పిచ్చి అని కొట్టిపారేసేవాళ్ళకు నీ మొదటి చలికాలం తెలియదు. నాయనకు కూడా తెలియదు, ఎందుకంటే నువ్వు చెప్పలేదు. నీ ఉత్తరమంతా చదివాక నాకు ఒకటి అర్థమైంది. ఇప్పుడున్న చిక్కులో ఫుట్‌బాల్ వాటా చిన్నది. ఆ ఆటను ఇంట్లోవాళ్ళకు కనపడకుండా పెంచుకున్నావు. దాంతో వాళ్ళు దాన్ని మొదటిసారి చూసింది పొగలోనూ మంటలోనూ.

నువ్వు నిలబడిన చోటు ఏమిటో ముందు నీకే బాగా తెలియాలి. ఎనభై ఒక్క వేల మందికి పైగా పట్టే ఆ స్టేడియంలో ఒక్క దక్షిణ గ్యాలరీలోనే 24,454 మంది నిలబడి చూస్తారు. నిలబడి చూసే గ్యాలరీల్లో యూరప్‌లో అంత పెద్దది మరొకటి లేదు. ఇంగ్లండ్‌లో 1989లో హిల్స్‌బరో స్టేడియంలో తొక్కిసలాట 97 మందిని బలి తీసుకున్నాక పై డివిజన్ల స్టేడియాల్లో అందరికీ కుర్చీలు వేశారు. జర్మనీవాళ్ళు నిలబడే చోటును కాపాడుకున్నారు. ఎందుకంటే అది టికెట్ ధర తక్కువగా ఉండే చోటు, కూలి మనిషి కూడా రాగలిగే చోటు.

ఆ క్లబ్బు పుట్టిన కథ నీకు ఎవరైనా చెప్పారో లేదో. 1909 డిసెంబరు 19న బోర్జిగ్‌ప్లాట్స్ అనే కూడలి దగ్గర ఒక బీరు హోటల్ పైగదిలో మొదలైంది. మొదలుపెట్టినవాళ్ళు చర్చి యువజన సంఘం కుర్రాళ్ళు. వాళ్ళ ఫాదర్‌కు ఫుట్‌బాల్ గిట్టేది కాదు. ఆదివారం పూట బంతి వెంట పడటమేమిటని కోప్పడేవాడు. ఆ రాత్రి కూడా వాళ్ళను ఆపాలని చూశాడు. అంటే పెద్దవాళ్ళకు నచ్చని ఆటతో పిల్లలు ఇంట్లో తగువు పడటం ఆ క్లబ్బు పుట్టుకలోనే ఉంది. చుట్టూ ఉక్కు ఫ్యాక్టరీ, బొగ్గు గనులు. ఆ గనుల్లోకి తూర్పు నుంచి పోలిష్ మాట్లాడే కుటుంబాలు లక్షల్లో వచ్చాయి. 1961 ఒప్పందం తర్వాత టర్కీ నుంచి వచ్చారు. పొట్ట చేతబట్టుకుని ఊరు విడవడం అంటే ఏమిటో మీ దేవరకొండ వైపు వాళ్ళకు, పాలమూరు వాళ్ళకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. డోర్ట్‌మండ్‌లో ఉక్కు కొలుములు 2001లో ఆరిపోయాయి. దగ్గర్లోని బోట్రప్‌లో దేశంలో చివరి భూగర్భ బొగ్గు గని 2018 డిసెంబరులో మూతపడింది. పనులు పోయాయి, జట్టు మిగిలింది. నిన్ను కౌగిలించుకున్న ముసలాయన ఎవరో నాకు తెలియదు. కానీ ఆ గ్యాలరీలో పక్కవాడిని నీది ఏ ఊరు, ఏ కులం, ఏ దేశం అని అడగకపోవడానికి వెనక ఇంత చరిత్ర ఉంది.

ఇంకొకటి కూడా గమనించు. అక్కడ అభిమాని కేవలం అరిచేవాడు కాదు. జర్మనీలో క్లబ్బు ఓట్లలో సగానికి పైన ఒక ఓటు సభ్యుల చేతిలోనే ఉండాలన్న నియమం ఉంది. 2023 చివర్లో జర్మన్ ఫుట్‌బాల్ లీగు తన ప్రసార వ్యాపారంలో వాటాను బయటి పెట్టుబడిదారుకు అమ్మబోతే, గ్యాలరీల నుంచి వారాల తరబడి టెన్నిస్ బంతులు మైదానంలోకి విసిరి మ్యాచ్‌లు ఆపారు. 2024 ఫిబ్రవరిలో లీగు ఆ బేరం మానుకుంది. ఇలాంటి చోట భాగం కావాలని నీకు అనిపించడం నాకు అర్థమవుతుంది. ఆ కోరిక మీద గౌరవం కూడా ఉంది.

మీ రూమ్‌మేట్స్ "మనది క్రికెట్" అన్నారు కదా, ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి వరుసగా ఐదేళ్ళు రోవర్స్ కప్పు అనే ఫుట్‌బాల్ టోర్నీ గెలిచింది. ఆ జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం చేతి కింద మన దేశం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఏషియాడ్ బంగారు పతకం తెచ్చింది. ఆ జట్లలో హైదరాబాద్, సికింద్రాబాద్ పిల్లలు ఉన్నారు. ఫుట్‌బాల్ మనది కాదనే మాట మన పెద్దవాళ్ళనే మనం మరిచిపోయి అంటున్న మాట. ఇది వాళ్ళతో వాదించడానికి కాదు, నీకు ధైర్యం కోసం చెబుతున్నాను. వాళ్ళతో మాత్రం శనివారం సాయంత్రం కూర్చుని అన్నం తిను. నీకు జ్వరం వస్తే మిరియాల చారు కాచి ఇచ్చేది వాళ్ళే.

ఇప్పుడు మంటల సంగతి. ఇక్కడ నేను కొంచెం గట్టిగా మాట్లాడతాను.

నీ చేయి పట్టుకుని వీడియో డిలీట్ చేయించినవాడి మీద నీకు కోపంగా ఉంది. చేయి పట్టుకోవడం తప్పే. అయితే అల్ట్రాస్ నిలబడే చోట ఫోన్ ఎత్తకూడదన్నది ఎవరూ రాసిపెట్టని నియమం. ఒక కారణం, మ్యాచ్‌ను ఫోన్‌లో కాకుండా గొంతుతో బతకాలని వాళ్ళ పట్టుదల. రెండోది, ఆ వీడియోల్లో ముఖాలు కనిపిస్తే పోలీసులకు సాక్ష్యం అవుతాయి. స్టేడియంలో ఆ కాగడాలు వెలిగించడం చట్టవిరుద్ధం. మెగ్నీషియంతో మండే ఆ మంట వేడి వెయ్యి డిగ్రీలు దాటుతుంది, నీళ్ళు పోసినా ఆరదు. చూడ్డానికి ఎంత అందంగా ఉన్నా, అంతమంది ఒకరినొకరు ఆనుకుని నిలబడ్డ చోట అది ప్రమాదమే.

నువ్వు వెలిగించలేదు. చూశావు, తీశావు, అంతే. కానీ గుంపులో ఉండటం కూడా ఒక్కోసారి చాలు. 2006లో మ్యూనిక్‌లో ఒక మ్యాచ్ అయ్యాక డూయిస్‌బర్గ్ జట్టు అభిమానుల గుంపు గొడవపడింది. అందులో ఉన్న పదహారేళ్ళ పిల్లవాడి మీద పోలీసు కేసు పెట్టి, చివరికి చిన్న విషయమని మూసేశారు. అయినా దేశంలోని పెద్ద లీగుల స్టేడియాలన్నింటిలోనూ అడుగుపెట్టకుండా వేసిన నిషేధం మాత్రం ఉండిపోయింది. ఆ కుర్రాడు కోర్టుల మెట్లెక్కాడు. 2018 ఏప్రిల్‌లో జర్మనీ రాజ్యాంగ కోర్టు ఏం చెప్పిందంటే, నేరం రుజువు కాకపోయినా, ముందుముందు గొడవ చేస్తాడన్న అనుమానానికి తగిన ఆధారం ఉంటే నిషేధం వేయొచ్చు, కాకపోతే అతని మాట వినాలి, కారణం చెప్పాలి. అతనికి పోయింది మ్యాచ్‌లు చూసే అవకాశం. నీ పక్కన నిలబడే జర్మన్ కుర్రాడికైనా పోయేది అంతే. నువ్వు మాత్రం ఆ దేశంలో నివాస అనుమతి కాగితం మీద ఉన్నావు. కేసులో శిక్ష పడితే ఆ కాగితం పొడిగించుకునేటప్పుడు చిక్కు వస్తుంది. ఒకే గ్యాలరీలో, ఒకే మెట్టు మీద, ఒకే పాట పాడుతున్నా మీ ఇద్దరికీ పోయేది ఒకటి కాదు. నీ స్నేహితుడికి ఇది తట్టకపోవచ్చు. అతనికి చెప్పాల్సింది నువ్వే. చెబితే అర్థం చేసుకుంటాడు.

అందుకే ఆ గుంపులో చేరే విషయంలో తొందరపడొద్దు. నీ ముందు మూడు నాలుగు దారులు కనిపిస్తున్నాయి నాకు.

చేరొచ్చు. బ్యానర్లు రాయడం, జెండాలు కుట్టడం చాలా అందమైన పని. రాత్రంతా ఒక హాల్లో నేల మీద బట్ట పరిచి రంగులు వేస్తారు. భాష బాగా వస్తుంది, స్నేహాలు గట్టిపడతాయి. కానీ గుంపు అంటే గుంపు. ప్రతి మ్యాచ్‌కూ రావాలి, బయటి ఊళ్ళకూ రావాలి, కష్టం వస్తే పక్కన నిలబడాలి. అందులో ఒకరు నిప్పు వెలిగిస్తే మిగతావాళ్ళు జెండా అడ్డం పెడతారు. అప్పుడు నువ్వు పక్కకు జరిగితే వాళ్ళ దృష్టిలో ద్రోహివి అవుతావు, జరగకపోతే కేసులో ఉంటావు. చేరే ముందు వాళ్ళను ఈ ప్రశ్న సూటిగా అడుగు: "నేను మంటల దగ్గర నిలబడను, పరీక్షలప్పుడు రాను, ఫర్వాలేదా?" వాళ్ళిచ్చే జవాబు కంటే జవాబిచ్చే ముందు ఒకరినొకరు ఎలా చూసుకుంటారో అది నీకు ఎక్కువ చెబుతుంది.

చేరకుండా వెళ్ళొచ్చు. సొంత స్టేడియం మ్యాచ్‌లకు, నీ స్నేహితుడి నాన్నగారి కార్డు దొరికినప్పుడు వెళ్ళు. సుమారు 55,000 సీజన్ కార్డులున్న క్లబ్బులో అలా దొరకడమే గొప్ప. దక్షిణ గ్యాలరీ అంతా అల్ట్రాస్ కాదు. గోల్ వెనక నడిమధ్యన వాళ్ళుంటారు. పక్కలకు, పైకి వెళితే తాతలు, మనవలు, ఆఫీసు ఉద్యోగులు. నిన్ను కౌగిలించుకున్న మనిషి ఆ రకం అయి ఉంటాడని నా అనుకోలు. దీనివల్ల బస్సు ప్రయాణాల స్నేహం కొంత పలచబడుతుంది. అది నిజంగానే లోటు, చిన్నదని చెప్పను.

ఖర్చు తక్కువలో ఆట చూడాలంటే ఇంకో దారి ఉంది. పెద్ద స్టేడియం పక్కనే రోటే ఎర్డే అనే పాత మైదానం ఉంది. క్లబ్బు రెండో జట్టు అక్కడ ఆడుతుంది. మహిళల జట్టు 2021లో అట్టడుగు డివిజన్ నుంచి మొదలుపెట్టి పైకి వస్తోంది. ఆ మ్యాచ్‌లకు వచ్చే జనం తక్కువ, పక్కవాళ్ళతో మాట కలుస్తుంది. యూనివర్సిటీ క్రీడల్లో నువ్వే బూట్లు కట్టుకుని ఆడొచ్చు కూడా. చూడటం మీద ఇంత ప్రేమ ఉన్నవాడివి, ఆడటం గురించి ఉత్తరంలో ఒక్క మాట రాయలేదు.

పూర్తిగా వదిలేయడం కూడా ఒక దారే. చదువు అయ్యేదాకా అని గీత గీసుకుంటే డబ్బు, సమయం రెండూ మిగులుతాయి, ఇంట్లో శాంతి వస్తుంది. కానీ ఆ ఖాళీలోకి ఏం వస్తుందో ఆలోచించు. నాలుగున్నరకే చీకటి పడే ఊళ్ళో, పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేని గదిలోకి మళ్ళీ వెళ్ళడమైతే అది చదువుకు కూడా మేలు చేయదు. నాయన మీద కోపంగా కూడా మారుతుంది. వదిలేస్తే దాని బదులు ఏం పెట్టుకుంటావో ముందు ఖాయం చేసుకుని వదిలెయ్.

నన్ను అడిగితే రెండోది, దానికి తోడు రోటే ఎర్డే. కానీ ఆ చలిలో బతుకుతున్నది నువ్వు.

గురువారం పరీక్ష దగ్గర మాత్రం నాకు రెండు అభిప్రాయాలు లేవు. అక్కడ చాలా యూనివర్సిటీల్లో ఒక సబ్జెక్టుకు మూడే అవకాశాలు. మూడోసారి కూడా తప్పితే ఆ కోర్సు నుంచి పేరు తీసేస్తారు. అదే కోర్సులో మరో యూనివర్సిటీలో చేరడం కూడా సాధారణంగా కుదరదు. నీ నివాస అనుమతి ఆ కోర్సు కోసం ఇచ్చింది కాబట్టి దాని కాళ్ళ కింద నేల కూడా కదులుతుంది. మీ కోర్సు నియమాలు ఇవాళే తెరిచి చదువు, పరీక్షల ఆఫీసులో ఒకసారి అడుగు. గడువు లోపల పరీక్ష నుంచి పేరు వెనక్కి తీసుకుని వచ్చే సెమిస్టర్‌లో రాసే వీలుందేమో చూడు. అలా వాయిదా వేస్తే సిద్ధమయ్యే సమయం దొరుకుతుంది కానీ ఒక సెమిస్టర్ ఖర్చు, మిత్తి పెరుగుతాయి. ఈసారే రాస్తే అప్పు త్వరగా దిగుతుంది కానీ చేతిలో ఇంకో అవకాశం ఉండదు. ఏది మంచిదో నీ తయారీని బట్టి, ఆ ప్రొఫెసర్ దగ్గర కూర్చుని పాత జవాబు పత్రం చూసుకున్నాక తేల్చుకో. తప్పిన పేపర్ చూపించమని అడిగే హక్కు అక్కడ విద్యార్థికి ఉంది. ఎక్కడ మార్కులు పోయాయో చూడకుండానే రెండోసారి రాసినట్టున్నావు.

డబ్బు లెక్క కూడా ఒకసారి కాగితం మీద పెట్టు. 2026 జనవరి నుంచి జర్మనీలో కనీస వేతనం గంటకు 13.90 యూరోలు. ఎనిమిది గంటల శనివారం షిఫ్టు అంటే 111 యూరోల పైన. యూరోకు వంద రూపాయలే వేసుకున్నా పదకొండు వేలు. మ్యాచ్ కోసం వదులుకున్న ఆ కూలికి తోడు బయటి ఊరి బస్సు, టికెట్, తిండి ఖర్చు. విద్యార్థికి ఏడాదికి 140 పూర్తి రోజులు పనిచేసే వీలుంది. ఆ రోజుల్లో ఎన్ని వాడావో, ఎన్ని మ్యాచ్‌లకు వదిలావో నువ్వే రాసి చూసుకో. నిన్ను నిందించడానికి కాదు. నాయనతో మాట్లాడేటప్పుడు ఆ అంకె నీ చేతిలో ఉండాలి. శనివారం మధ్యాహ్నం మ్యాచ్ ఉన్నప్పుడు వారం మధ్యలో సాయంత్రపు షిఫ్టు ఇస్తారేమో సూపర్‌వైజర్‌ను అడిగావా? ఉత్తరంలో ఆ ప్రయత్నం కనిపించలేదు.

రైలు సంగతి. మ్యాచ్ నుంచి తిరిగి వస్తుంటే, నీ మెడలో ఉన్న పసుపు మఫ్లర్ చూసి ఒక తాగుబోతు "ఇది నీది కాదు, మీ దేశం పో" అన్నాడని, నీ స్నేహితులు నిన్ను పక్క పెట్టెలోకి తీసుకెళ్ళారని, ఆ రాత్రి నిద్ర పట్టలేదని రాశావు. తమ్ముడూ, ఆ మఫ్లర్ నీదే. ఆ మాట ఎవరైనా అన్నప్పుడు మనసు గాయపడుతుంది, పడనట్టు నటించక్కర్లేదు. డోర్ట్‌మండ్ గ్యాలరీలో 1980ల నుంచి నాజీ భావాల గుంపుల బెడద ఉంది. దానితో పోరాడిన అభిమానులు కూడా అదే గ్యాలరీలో ఉన్నారు, క్లబ్బు కూడా చాలా ఏళ్ళుగా దానికి వ్యతిరేకంగా పనిచేస్తోంది. జర్మనీలో చాలా క్లబ్బు ఊళ్ళలో ఫాన్‌ప్రొయెక్ట్ అనే ఆఫీసులుంటాయి. అక్కడ పనిచేసేది సామాజిక కార్యకర్తలు, పోలీసులు కారు. యువ అభిమానులకు కేసులైనా, ఇలాంటి అవమానాలైనా, ఇంటి సమస్యలైనా మాట్లాడటానికి ఉన్న చోటు అది. డోర్ట్‌మండ్‌లో కూడా ఉంది. ఒకసారి వెళ్ళు. గుంపులో చేరే ముందు వాళ్ళతో మాట్లాడితే ఆ గుంపు ఎలాంటిదో కూడా తెలుస్తుంది. ఆ సంఘటన ఇంట్లో చెప్పాలా వద్దా అన్నది నీ ఇష్టం. అమ్మకు వద్దు, అక్కకు చెప్పు. ఎవరికో ఒకరికి తెలిసి ఉండాలి.

ఇక నాయన.

ఆయన కోపం నీ మీద కాదనుకుంటున్నాను. భయం అది. తోట బ్యాంకులో ఉంది, కొడుకు పరాయి దేశంలో ఉన్నాడు, కనిపించింది మంట. ఊళ్ళో నలుగురు నాలుగు మాటలు. దేవరకొండ బస్టాండులో ఎవరో ఆపి "మీవోడు ఏం చేస్తున్నడు" అని అడిగితే ఆయన దగ్గర జవాబు లేదు. నువ్వు ఆయనకు జవాబు ఇవ్వాలి.

అక్కతో చెప్పించడం సులువు. అక్క సర్దిచెబుతుంది, నాయన ఊఁ అంటాడు. కానీ అప్పుడు ఆయనకు నీ గొంతు వినిపించదు, మళ్ళీ ఏదైనా వస్తే మళ్ళీ అక్కే రావాలి. ఆమె బంగారం కూడా నీ చదువులోనే ఉంది. ఆమెను మధ్యవర్తిని చేయడం భారం మీద భారం. నువ్వే నేరుగా ఫోన్ చేస్తే మొదటిసారి ఎత్తకపోవచ్చు, ఎత్తినా తిట్టొచ్చు. తిట్టనివ్వు. మధ్యలో "అది కాదు నాయనా" అని అడ్డం పడకు. అక్కను అడగాల్సింది ఒక్కటే. నాయన పొలం నుంచి వచ్చి, అన్నం తిని, మంచంలో కూర్చున్న వేళ చూసి ఫోన్ ఆయన చేతికి ఇమ్మను. వీడియో కాల్ చెయ్. నీ ముఖం, నీ గది, నీ పుస్తకాలు కనపడనీ.

ముందు పరీక్ష గురించి చెప్పు. రెండుసార్లు తప్పానని ఆయనకు ఇంకా తెలియదు కదా. అది ఇంకొకరి నోట తెలిస్తే ఈ మంటల వీడియో కంటే పెద్ద దెబ్బ అవుతుంది. ఏం చేయబోతున్నావో కూడా చెప్పు. తర్వాత డబ్బు, ఆ కాగితం మీది అంకె ఉన్నదున్నట్టుగా. ఆట గురించి ఆఖరున మాట్లాడు. పెద్దగట్టు జాతరకు మీ తాత వెంట నడిచి పోయేవాడినని రాశావు కదా, అది గుర్తు చెయ్. భేరీలు మోగుతుంటే, గజ్జెల లాగులు కట్టుకున్నవాళ్ళు గట్టెక్కుతుంటే, వేల గొంతులు "ఓ లింగా" అంటుంటే తాత భుజం పట్టుకుని నువ్వు కూడా అరిచావు. పక్కవాడు ఎవరో తెలియదు. డోర్ట్‌మండ్‌లో నీకు దొరికింది అలాంటిదే అని చెబితే, ఫుట్‌బాల్ ఒక్క మ్యాచ్ చూడని మనిషికి కూడా అందుతుంది. జాతరలో తాగి కొట్టుకునేవాళ్ళూ ఉంటారని, నువ్వు వాళ్ళకు దూరంగా నిలబడతావని కూడా ఆయనకు చెప్పు. ఆ మాట ఇస్తే నిలబెట్టుకోవాలి. మంటలు వెలిగే వైపు ఇక వెళ్ళనని నీకు నువ్వు తేల్చుకున్నాకే ఇవ్వు.

మొదటి చలికాలం ఎలా గడిచిందో కూడా చెప్పు. అది చెప్పడానికి నీకు సిగ్గుగా ఉంటుంది, నాకు తెలుసు. కొడుకు సుఖంగా ఉన్నాడనుకుని తృప్తిపడుతున్న తండ్రికి ఆ సంగతి ఎందుకని దాచావు. కానీ ఆ ఒంటరితనం తెలియకపోతే, ఒక ముసలాయన కౌగిలింత కోసం నువ్వు ప్రతి శనివారం ఎందుకు పరిగెత్తావో ఆయనకు ఎప్పటికీ అర్థం కాదు.

ఆయన ఒప్పుకోకపోతే? "చదువు అయ్యేదాకా ఆ గుంపులోకి పోవద్దు" అంటే? అప్పుడు వాదించకుండా, ఒక గడువు అడుగు. ఈ పరీక్ష అయ్యేదాకా ఒక్క మ్యాచ్‌కు కూడా వెళ్ళనని, ఫలితం వచ్చాక మళ్ళీ మాట్లాడుకుందామని చెప్పు. దాంతో ఆయనకు భరోసా దొరుకుతుంది, నీకు చదువుకునే వీలు దొరుకుతుంది. మాట తప్పి దొంగచాటుగా వెళితే మాత్రం, ఈసారి తమ్ముడి స్టేటస్ అవసరం లేకుండానే బయటపడుతుంది. టీవీ కెమెరాలు ఆ గ్యాలరీ మీదే ఉంటాయి.

తమ్ముడికి ఫోన్ చేసి ఆ వీడియో ఎవరెవరికి పంపాడో అడిగి తీయించెయ్. వాడి మీద అరవకు, వాడు గర్వంగానే పెట్టాడు. ఊళ్ళో అందరికీ వివరణ ఇచ్చుకునే పని నువ్వు పెట్టుకోకు, నాయనకూ పెట్టకు. ఆయన మనసు కుదుటపడితే బస్టాండులో ఏం చెప్పాలో ఆయనకే తెలుస్తుంది.

బుధవారం బస్సు సీటు మాత్రం ఇవాళే వదులుకో. యూరప్ మ్యాచ్ కాబట్టి ఆ సీటు కోసం అడిగేవాళ్ళు మీ స్నేహితుల్లోనే ఉంటారు, కట్టిన డబ్బు కూడా చేతికి వస్తుంది. నీ జర్మన్ స్నేహితుడికి పరీక్ష సంగతి దాచకుండా చెప్పు. ల్యాబ్‌లో నీ పక్కన కూర్చునేవాడు, ఆ సబ్జెక్టు అతను పాసై ఉంటే నోట్స్ అడుగు.